హన్మాండ్లన్న వేసిన ఫ్లోర్

మా హన్మాండ్లన్న టైల్స్ మేస్త్రి. ఊరు జగిత్యాల దిక్కు, ఖతర్‌కు వచ్చి పదహారేండ్లు. ఆయన వేసిన ఫ్లోర్ మీద ఎవరన్న చెప్పులతోని నడిస్తే చాలు, అంతెత్తు లేస్తడు. సూపర్‌వైజర్నని నన్ను గూడ ఇడువడు.

మొన్న వెస్ట్ బే ఏరియాల ఒక పెరూ హోటల్‌కు ఫ్లోర్ వేసినం. పని అయిపోంగనే ఓనరమ్మ యొలాందా మేడం మా ఇద్దరికి వాళ్ళ దేశపు శర్బత్ తెచ్చింది. నల్ల మక్కజొన్నలు ఉడకబెట్టి, చక్కెర, నిమ్మరసం కలిపి చేస్తరట. అచ్చం నేరేడుపండు రంగు. అంత బాగనే ఉంది గని, తను తాగేముందు గిలాస వంచి, అప్పుడే తుడిచిన టైల్స్ మీద నాలుగు చుక్కలు పోసింది.

"ఓ మేడం! గిదేం పని?" అని హన్మాండ్లన్న ఒర్రిండు.

మేడం నవ్వుకుంట ఇంగ్లీషుల ఏదో చెప్పింది. నేను అన్నకు తెలుగుల చెప్పిన. "వాళ్ళ కొండలల్ల ఏం తాగినా మొదలు భూమితల్లికి పోస్తరట అన్నా."

అన్న కోపం సగం దిగింది. "మేము గూడ కల్లు తాగేముందు పోస్తం," అన్నడు. అంతల మళ్ళ ఎక్కింది. "గని నేను వేసిన ఫ్లోర్‌ల నుంచి ఒక్క చుక్క కిందికి దిగదు. తల్లికి ఎట్ల అందుతది? యల్లా, జల్ది బయటికి నడువుమను!"

బయట ఖర్జూర చెట్టు మొదట్ల అన్న, మేడం ఇద్దరు చెరి నాలుగు చుక్కలు పోసిండ్రు. ఇసుక గుటుక్కున మింగింది.

అన్న కొద్దిసేపు ఆ తడి దిక్కే చూసిండు. "పాపం తల్లి, ఎన్నొద్దుల సంది నీళ్ళ దూపతోని ఉన్నదో," అనుకుంట గిలాసంత వంపిండు.