నలభై రెండు ఉత్తరాలూ ఒకే ఒక్క స్వరమూ

నాటకం మా ఊళ్ళో ఆడటానికి ఇంకా ఆరు రోజులుందనగా, థియేటరు గోడమీది పోస్టరుకు అడ్డంగా ఒక తెల్లకాగితపు పట్టీ కనిపించింది. నాయిక పేరు ఉండవలసిన చోట దానిని అతికించి, పైన చేతిరాతతో మరొకరి పేరు రాశారు. పాల కోసం బయలుదేరిన కండక్టరు బాబాయి దానిని మొదట చూశాడు. పాల సంగతి మరిచిపోయి, ఖాళీ గిన్నెతోనే కుట్టుదుకాణానికి పరుగెత్తుకు వచ్చాడు.

"కాజాలక్కా! కొంప మునిగింది. ఆవిడ రావడం లేదు."

కాజాలక్క కుడుతున్న కాజా మీదినుంచి చూపు తిప్పలేదు. "ఎవరు? మీ ఆవిడా?"

"మా ఆవిడ రాకపోతే నేనెందుకు పరిగెత్తుతానే తల్లీ? నాటకంలో ఆవిడ!"

సూది ఆమె వేలిలో దిగింది. ఆ దుకాణం పై అంతస్తులో నేను ఇరవై రెండేళ్ళుగా అద్దెకుంటున్నాను. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఆమె చేతులు చూడని రోజు లేదు. ఆ వేలినుంచి నెత్తురు చుక్క రావడం మాత్రం నేను చూసింది అదే మొదటిసారి. తెల్లచొక్కా మీద మరక పడకుండా ఆమె చేతిని పక్కకు లాగింది.

చొక్కాలకు కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, అంచులు మడవడం ఆమె పని. గుడ్డ కత్తిరించేది మాస్టారు, మిషన్లు తొక్కేది మరో ఇద్దరు. అందరి పనీ అయ్యాక, చివరికి ఆమె చేతిలో పడి ముగిసిన చొక్కాయే గిరాకీకి అందుతుంది. "నా దగ్గరికి వచ్చేసరికి అందరి తప్పులూ వచ్చేస్తాయి," అనేది నవ్వుతూ. భర్త లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. నెమ్మదైన మనిషి, నాటకాలంటే ఆవలింతలు. "నువ్వు పెళ్ళాడింది నన్నా, థియేటర్నా?" అని ఆయన అడిగితే, "మిమ్మల్నే. థియేటరు ఒప్పుకోలేదు," అని జవాబు చెప్పేది.

ఆమె పదిహేడో ఏట 'రేవు పిలుపు' అనే సంగీత నాటకం ఈ ఊళ్ళో ఆడింది. పొగమంచులో దారి తప్పిన పడవలను పాటతో గట్టుకు పిలిచే ఒక పడవమనిషి కథ అది. మూడో అంకంలో సొంత చెల్లెలు ఎక్కిన పడవే మంచులో కనిపించకుండా పోతుంది. అప్పుడు నాయిక ఒకే ఒక్క ఎత్తైన స్వరాన్ని అందుకొని, ఊపిరి ఉన్నంతవరకూ నిలుపుతుంది. గ్యాలరీలో స్తంభం వెనుక నిలబడి కాజాలక్క ఆ నాటకాన్ని తొమ్మిది సార్లు చూసింది. పక్కన నిలబడి తొమ్మిది సార్లూ చూసినవాడు, అప్పట్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన కండక్టరు బాబాయి. వాళ్ళ స్నేహం ఆ స్తంభం దగ్గర మొదలైంది. ఆ తరువాత నాటకం ఆగిపోయింది; ముప్పై అయిదేళ్ళపాటు ఎవరూ దాని జోలికి పోలేదు.

నిరుడు వేరే నగరంలో, వంద కుర్చీల చిన్న హాలులో, దానిని మళ్ళీ కట్టారు. జనం విరగబడ్డారు. మొదటి వారంలో ఎవరో ఆ స్వరాన్ని ఫోనులో పట్టి మాకు పంపారు. నిడివి ముప్పై సెకన్లు. కుట్టుదుకాణంలో అది మోగితే మిషన్లు ఆగేవి, మాస్టారి కత్తెర గాలిలో నిలిచేది. ఆ నాటకం పెద్ద థియేటరు కోసం మా ఊరికే వస్తోందని తెలిసిన రోజున కాజాలక్క చొక్కా ముందుభాగంలో కుట్టవలసిన కాజాలు వెనుకభాగంలో కుట్టింది.

ఇక్కడ నా పాత్ర దాచడం న్యాయం కాదు. కొత్త నాటకం వచ్చేముందు నాయికకు స్వాగతలేఖలు రాయడం కాజాలక్క, బాబాయి, నేను ఉన్న ప్రేక్షకబృందపు ఆచారం. వాటిని దిద్దడం నా వంతు. "ఒక్కొక్కరూ ఒక్క విషయమే రాయండి. అన్నీ రాస్తే ఏదీ రాయనట్టే," అన్నది ముప్పై నాలుగేళ్ళు బడిలో నేను పిల్లలకు చెప్పిన నియమం. దానినే ఇక్కడా విధించాను. ఈసారి ఇరుగుపొరుగులతో కలిపి నలభై రెండు ఉత్తరాలు పోగయ్యాయి. ప్రతి వాక్యమూ దిద్ది, ప్రతి కవరూ నేనే అంటించాను. నలభై రెండూ ఒక్కటే చెబుతున్నాయన్న సంగతి దిద్దిన టీచరమ్మకు, అంటే నాకు, తట్టలేదు.

పట్టీ కనిపించిన రోజు మధ్యాహ్నమే నాటక సంస్థలో దుస్తులు చూసే పెద్దమ్మ ఒక మూటతో దుకాణానికి వచ్చింది. మూటలో నాయిక వేసుకునే నీలిరంగు అంగీ ఉంది.

"కొత్తపిల్లకు వదులైంది. నడుం దగ్గర పట్టాలి. ఎల్లుండికి కావాలి."

మాస్టారు అంగీని కాజాలక్క ముందు పెట్టాడు. ఆమె దానిని ముట్టుకోలేదు.

"ఆవిడకు ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"ఒంటికేం? రాయిలా ఉంది. ఊళ్ళోనే ఉంది, కొత్తపిల్లకు పాఠం చెబుతోంది. ఈ ఊరివాళ్ళెవరో ఉత్తరాలు రాశారట, కట్టలు కట్టలు. ఆ పై స్వరం కోసమే వస్తున్నాం, ఆ స్వరం వింటే చాలు అని. ఆ స్వరం ఆవిడకు మూడో వారంలోనే పోయిందమ్మా. అప్పట్నించీ కిందికి దించి పాడుతోంది. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. ఇవి చదివాక గదిలో కూర్చుని తలుపేసుకుంది. మర్నాడు వచ్చి, నేను చెయ్యను అంది. ఎవరు రాశారో గాని, వాళ్ళ చేతులు..."

"మేమే," అంది కాజాలక్క.

నేను మెట్లమీద నిలబడి వింటున్నాను. ప్రేమతో ఒక మనిషి మీద రాళ్ళు రువ్వవచ్చునని, అందుకు నలభై రెండు కవర్లు చాలునని, అరవై ఎనిమిదో ఏట గాని నాకు తెలియలేదు. పెద్దమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, తిట్టబోయిన మాట మింగి, అంగీని అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న కాజాలక్క, నేను ఆ నాయిక దిగిన బసకు వెళ్ళాము. తలుపు తీసిన మనిషిని చూసి ఉలిక్కిపడ్డాను. ఫోనులో ఆ గొంతు విని మేమొక పర్వతాన్ని ఊహించుకున్నాము. ఎదురుగా ఉన్నది నలభై అయిదేళ్ళ సన్నని మనిషి. తడి జుట్టుకు తువ్వాలు, చేతిలో సగం తిన్న రొట్టెముక్క.

కాజాలక్క కూర్చోకుండానే చెప్పేసింది. "ఉత్తరాలు మొదలుపెట్టించింది నేనమ్మా. ఒక్కొక్కరూ ఒక్క విషయమే రాయాలని చెప్పి దిద్దింది ఈ టీచరమ్మ. తిట్టదలిస్తే ఇద్దరం ఒకేచోట ఉన్నాం."

ఆమె తిట్టలేదు. రొట్టెముక్కను పళ్ళెంలో పెట్టింది. "తిట్టడానికేముంది అక్కా? మొదటి ఉత్తరం చదివి మురిసిపోయాను. అయిదోది చదివాక మంచినీళ్ళు తాగాను. ఇరవయ్యోది తెరవలేదు. ఇంతమంది వస్తున్నది నా కోసం కాదు, నాలోంచి పోయినదాని కోసం. అది మీరైనా ఒప్పుకుంటారా?"

ఓదార్పు మాట చెబుతుందేమోనని నేను కాజాలక్క వైపు చూశాను.

"ఒప్పుకుంటాను. దానికోసమే రాశాం," అంది ఆమె.

నాయిక మొహంలో రంగు పోయింది.

"రెండో విషయం రాయమని ఉంటే ఏం రాసేదానివి?" అని అడిగింది చివరికి.

"ఏం రాయను? మిమ్మల్ని నేను చూళ్ళేదుగా! విన్నది ముప్పై సెకన్లు. నాటకం మూడు గంటలు. మిగతాది చూడకుండా ఎలా రాసేదమ్మా? అది చూపించకుండా వెళ్ళిపోతారా?"

ఆమె నవ్వింది. అది సంతోషపు నవ్వేనని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. "అయితే ఒక షరతు. ఆ నలభై రెండు మందికీ నువ్వే ముందుగా చెప్పాలి, ఆ స్వరం రాదని. తెలిసి వచ్చేవాళ్ళ ముందే నిలబడతాను. తెలియక ఎదురుచూసేవాళ్ళ ముందు నిలబడలేను."

నలుగురిలో మాట్లాడటమంటే కాజాలక్కకు మిషను సూది కింద వేలు పెట్టడంతో సమానం. అయినా ఆ సాయంత్రం అందరినీ దుకాణానికి పిలిపించింది. బల్లమీద గుడ్డలు తీసేసి, దాని అంచు పట్టుకొని నిలబడింది.

"ఆవిడ వస్తారు. ఆ స్వరం రాదు. ఆవిడ దగ్గర లేదు. తెలిసినవాళ్ళే రావాలన్నారు." అంతే. వాక్యాలు పొట్టివి గాని, ఒక్కటీ దిద్దనక్కరలేదు.

కండక్టరు బాబాయి, "అయితే ఇంకేం మిగిలింది?" అన్నాడు.

"రెండు గంటల యాభై తొమ్మిదిన్నర నిమిషాలు."

"ఆ అరనిమిషం కోసం ముప్పై అయిదేళ్ళు ఆగానమ్మా. మిగతాది మీరు చూడండి." ఆయన జేబులోంచి టికెట్టు తీసి బల్లమీద పెట్టాడు. బస్సులో ముసలివాళ్ళకు చిల్లర ఇచ్చినట్టు, ఎంతో మర్యాదగా. ఆయన వెనుక మరో పదిమంది పెట్టారు. వాళ్ళు వెళ్ళాక కాజాలక్క ఆ టికెట్టునే చూస్తూ ఉండిపోయింది. ఇంకెవరు మానుకున్నా ఆమె తట్టుకునేది. స్తంభం దగ్గరి మనిషి మానుకుంటాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

మొదటి ప్రదర్శన మధ్యాహ్నపు ఆట. నీలి అంగీని నడుం దగ్గర పట్టకుండా, పాత కొలతతోనే తిరిగి ఇచ్చేశాము. మా మధ్య బాబాయి కుర్చీ ఖాళీ. మూడో అంకంలో వేదికంతా పొగ నిండింది. వాద్యాలు ఒక్కొక్క మెట్టే ఎక్కాయి. నాయిక గట్టున నిలబడి నోరు తెరిచింది. స్వరం పైకి వెళ్ళలేదు. కిందనే, గరగరగా, దగ్గరి మనిషిని పిలిచినట్టు వచ్చింది. ముందే తెలిసి కూడా నేను అదిరిపడ్డాను. వెనుక వరుసలో ఎవరో "అయ్యో" అన్నారు. కాజాలక్క ఖాళీ కుర్చీ మీదుగా నా చెయ్యి పట్టుకొని, తెర పడేదాకా వదలలేదు.

బయట మెట్లమీద అడిగాను: "ఎలా ఉంది?"

"అబద్ధం ఎందుకు టీచరమ్మా? అది ఉండాల్సింది. అక్కడ నాకు గుండెలో గుంట పడింది." రెండు మెట్లు దిగి ఆగింది. "కాని మొదటి అంకంలో తాడు చూశారా? పడవకు ముడి వేస్తూ చెల్లెలితో మాట్లాడుతుందే, మాటల్లో పడి తన ముడి తనే విప్పేసుకుంటుంది! చేతులకు తెలుసు, మనిషికి తెలీదు. చెల్లెలు ఆ పడవే ఎక్కుతుంది. పాత నాటకంలో అది లేదు. తొమ్మిది సార్లు చూశాను, లేదు."

నేను ఆ తాడునే చూడలేదు. చేతులు చూసేంత చదువు నాకు లేకపోయింది.

ఆమె ఇంటిదారి పట్టలేదు. తిన్నగా కండక్టరు బాబాయి ఇంటికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఆయన వాకిట్లో పాత చెప్పులకు మేకు కొడుతున్నాడు.

"పాడిందా?" అన్నాడు, సుత్తి ఆపకుండా.

"లేదు."

"అందుకేగా నే రానంది!"

"నిజమే బాబాయ్. అది రాలేదు. నేనొచ్చింది తాడు సంగతి చెప్పడానికి."

ఆయన మరో దెబ్బ వేశాడు. ఇంకోటి వేయబోయి, సుత్తిని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఏ తాడు?"