చిక్కటి పాలు తెచ్చిన తంటా

షెమాన్ గ్రెనియే ఊళ్లో ఇంటింటికీ పాలు పోస్తాను నేను. ఆదివారం ప్రభువు ముందు మోకరిల్లి, సోమవారం పాలలో నీళ్లు కలపడం ఇక నావల్ల కాదనుకుని నిన్నటి నుంచి మానేశాను. అందరూ మెచ్చుకుంటారనుకున్నాను. పదేళ్లుగా నా దగ్గరే పాలు పోయించుకుంటున్న అప్పలమ్మక్క ఈ పొద్దున గుమ్మంలోనే నిలదీసింది.

“ఏం తమ్ముడూ, నిన్న నువ్వు పోసిన దిలే అలా ఉందేంటి? ఆ పాలతో టీకి రంగే రాలేదు. మా ఆయన తాగకుండానే దొర తోటలో పనికి వెళ్లిపోయాడు. ఏం కలిపావందులో?”

ఆవు మారిందని చెప్పేస్తే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

“ఏమీ కలపలేదక్కా. ఇన్నాళ్లూ నీళ్లు కలిపాను. నిన్నే మానేశాను.”

అక్క నన్ను ఎగాదిగా చూసింది. లోపలికెళ్లి, పాలగిన్నె, చెంబు నిండా నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

“అయితే రోజూ ఎంత కలిపేవాడివో కలిపి చూపించు. రేపటి నుంచి నేనే కలుపుకుంటాను. ఆ కొలత నీకే కదా తెలుసు!”

గిన్నెలో పాలు పోసి, చెంబు అందుకున్నాను. నా తప్పు కాస్త చిన్నదిగా కనబడేలా నీళ్లు ఒక గరిటెడు తగ్గించి పోద్దామా అనిపించింది. తగ్గించలేదు. అక్క కళ్లెదుటే చెంబు ఖాళీ అయ్యేదాకా పోశాను; రోజూ కలిపేది సరిగ్గా అంతే.

నిజం చెప్పండి, మీరైతే ఆ గరిటెడు తగ్గించేవారు కాదూ?