కుడివైపు లేని తెర

మా ఇంట్లో కంప్యూటర్‌కు పది నెలల పాటు ఒక పాత చీర కప్పి ఉంచాను. సముద్రం మాకు దగ్గర. ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, ఇక కంప్యూటర్ ఎంత? చీర ఎందుకు కప్పావని అడిగినవాళ్లకు నేను చెప్పిన కారణం అది. అసలు సంగతి వేరు. దాని ముందు కూర్చునే మనిషి లేడు, ఖాళీ కుర్చీని, నల్లటి తెరను చూస్తూ తిరగడం నావల్ల కాలేదు.

మా ఆయన పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారు. వాకాడు చుట్టుపక్కల ఎవరి పెళ్లి అయినా ఆ వీడియో ఒకసారి మా ఇంటికి రావాల్సిందే. ఆయనకు రెండు తెరలుండేవి. ఎడమ తెర మీద పెళ్లి నడుస్తుండేది, కుడి తెర మీద మిగతా పనులు చూసుకునేవారు. ఒక సాయంత్రం ఆ కుర్చీలోనే గుండె ఆగి పోయారు. ఆయనకు నలభై ఎనిమిదేళ్లు.

అప్పటికి మా మధ్య మాటలు లేక మూడు రోజులు. చిట్టమూరులో మా అక్క కొత్తింటి ప్రార్థనకు రమ్మంటే, పని ఉందన్నారు. నేను అలిగాను. నాకు కోపం తొందరగా వస్తుంది, పోయేటప్పుడు మాత్రం తీరికగా పోతుంది. అలిగినప్పుడల్లా మా అత్త మధ్యవర్తి. "అన్నం పెట్టమనుమా" అని ఆయన తల్లితో అనేవారు. "పెట్టుండా, తినమను అత్తా" అని నేను. ముగ్గురం ఒకే గదిలో నిలబడి ఆడే నాటకం ఇది. పాపం ఆవిడ ఇటొకసారి, అటొకసారి తల తిప్పేది. నెలకోసారైనా జరిగేదే, నాలుగో రోజుకు ఎవరో ఒకరు నవ్వేసేవాళ్లం. ఈసారి నాలుగో రోజు రాలేదు.

నా మీద కోపంతోనే పోయారా? ఈ ఒక్క ప్రశ్న పది నెలలు నన్ను వదల్లేదు. చర్చిలో పాడుతున్నా అదే, బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నా అదే. ఆయన పోయిన నెలలోపే కుడి తెరను చర్చికి ఇచ్చేశాను, పాటల మాటలు చూపించుకోండని. అందరూ మంచి మనసన్నారు. మంచి మనసూ లేదు, పాడూ లేదు. ఆ మూడు రోజులూ ఆయన మొహం ఆ తెర వైపే ఉంది. దాన్ని ఇంట్లో ఉంచుకోలేకపోయాను.

మొన్న బడికి ప్రశ్నపత్రాలు టైపు చేయాల్సి వచ్చి చీర తీశాను. స్విచ్ వేస్తే ఆన్ అయింది. ఫోన్ నుంచి నెట్ కలిపాను. అంతే, పది నెలల ఆకలి మీద ఉన్నట్టు అప్‌డేట్లేవో తనంతట తాను దించుకోవడం మొదలుపెట్టింది. తెర నల్లబడింది, వెలిగింది, మళ్లీ నల్లబడింది. వెలిగినప్పుడు అక్షరాలు గుమ్మడికాయలంత. కాసేపటికి అన్నీ సర్దుకున్నట్టే కనిపించాయి గానీ, మౌస్ బాణం కుడివైపు పోతే అంచు దగ్గర ఆగలేదు. అంచు దాటి మాయమైపోయింది. ఏ ఫైలు తెరిచినా తెరుచుకున్నట్టు అడుగున గుర్తు వస్తోంది, తెర మీద మాత్రం ఏమీ లేదు.

మా అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"యాడికి పోతాందిమ్మే అది?"

"కుడిపక్కకి పోతాంది అత్తా."

"వాడు కూర్చుండే పక్కకే పోతాంది" అని ఆవిడ గోడ వైపు చూసింది. రెండో తెర ఉండే చోట సున్నం ఇంకా తెల్లగానే ఉంది.

నేను ఇలాంటివి నమ్మను. లెక్కల టీచర్ని. కానీ ఆ మాట విన్నాక కుర్చీని కాస్త ఎడమకు జరుపుకున్నాను. భయం వేసింది, దాచుకోవడం ఎందుకు?

మా ఆయన మిత్రుడొకరు గూడూరులో కంప్యూటర్లు బాగుచేస్తాడు, అతనికి ఫోన్ చేశాను. "వదినా, అది గ్రాఫిక్స్ డ్రైవర్ తేడా. బొమ్మ చూపించే కార్డుకీ, కంప్యూటర్‌కీ నడాన మాటలు మోసేది అదే. అది సరిగా మోయకపోతే దేనికీ ఏమీ తెలవదు" అన్నాడు. మా అత్త ఉద్యోగమే, అనుకున్నాను. అతను ఫోన్‌లో చెబుతుంటే ఒక్కొక్కటీ చేశాను. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి కొత్త డ్రైవర్ తీసేశాను. మళ్లీ ఆన్ చేసి పాతది వేశాను. శనివారం మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది. నల్లబడటం ఆగింది. బాణం మాత్రం పోతూనే ఉంది. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూస్తే రెండు పెట్టెలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి, రెండు అని అంకెలేసి. రెండోది ఇంట్లోనే లేదని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

అప్పుడే అడుగున బ్రౌజర్ గుర్తు కింద గీత చూశాను. నేను దాన్ని తెరవలేదు. ఆన్ చేయగానే తనంతట తానే తెరుచుకునేలా, చివరిసారి ఉన్న పేజీ మళ్లీ వచ్చేలా ఆయన పెట్టుకున్నారు. బాణం దాని మీద ఉంచితే గోరంత తెల్లటి పేజీ కనిపించింది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. చదవడానికి రాలేదు. ఆయన చివరి సాయంత్రం చూసింది అది. కుడివైపు, ఆ లేని తెర మీద, తెరుచుకునే ఉంది. కంప్యూటర్ ఆపేసి వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

ఆదివారం చర్చి నుంచి వస్తూ మా అత్త ప్రార్థన నూనె తెచ్చింది. కొత్త బండికి, జ్వరమొచ్చిన పిల్లల నుదుటికి రాసే నూనె అది. నేను చీర మార్చుకుని వచ్చేలోగా కంప్యూటర్ వెనక్కి చేయి పెట్టి తీగలు తగిలించే చోటల్లా రాసేసింది.

"అయ్యో అత్తా! కరెంటు వస్తువుకి నూనె పెడతారా ఎవురన్నా?"

"ఆపిండాదిలే. ఎనకమాల నించే కదా వచ్చేది ఏదొచ్చినా" అంది, వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. గుడ్డతో తుడుస్తూ మళ్లీ మిత్రుడికి ఫోన్ చేశాను. అతను నవ్వు ఆపుకుని, "తుడిచేటప్పుడు చూడు వదినా, ఆడ ఏమన్నా ఊరికినే తగిలించిండాదా?" అన్నాడు. ఉంది. బొటనవేలంత అడాప్టర్. తెరను చర్చికి ఇచ్చిన రోజు తీగ వచ్చింది గానీ ఇది చిలుము పట్టి రాలేదు, అలాగే వదిలేశాను. దీన్ని చూసి కంప్యూటర్ రెండో తెర ఉందనుకుంటోందట. నూనె దిగిందేమో, పట్టి లాగితే ఈసారి వచ్చేసింది.

కాసేపు తుడిచి, ఆరబెట్టి, స్విచ్ వేశాను. బ్రౌజర్ నా ముందు తెర మీదే తెరుచుకుంది. వెతికే పెట్టెలో ఆయన టైపు చేసిన మాటలు అలాగే ఉన్నాయి. 'ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పడితే ఏమిటి.'

పాత వెతుకులాటలు తీసి చూశాను. ఆ సాయంత్రం ఇవే మాటలు ఆరూ పదికి ఒకసారి, ఆరున్నరకు ఒకసారి, ఏడు కావస్తుండగా చివరిది. ఆరున్నర దాటాక నేను ఆ గదిలోకి వెళ్లాను. టీ గ్లాసు ఆయన ఎడమచేతి పక్కన టక్కున పెట్టి, మొహం చూడకుండా తిరిగి వచ్చేశాను. అప్పుడు కుడి తెర మీద ఈ మాటలు ఉండే ఉంటాయి. ఆయన నా వైపు తిరిగారో లేదో కూడా నాకు తెలియదు. నేను చూడలేదు.

"ఏం రాసిండాదిమ్మే?" అని మా అత్త నా భుజం మీద చేయి వేసింది. ఆవిడకు చిన్న అక్షరాలు ఆనవు.

"పెళ్లి వీడియో పనే అత్తా" అన్నాను.

"పని చేసుకుంటానే పోయినాడా బిడ్డ! కష్టపడకుండా పోయినాడు, అదే చాలు" అని కళ్లు తుడుచుకుని, తేలికపడి, అన్నం వార్చడానికి వెళ్లింది.

నేను ఆ వాక్యం ముందు కూర్చుండిపోయాను. వంటింటికీ ఆ కుర్చీకీ మధ్య పది అడుగులుంటాయి. ఒక్క కేక వేస్తే పరుగెత్తుకొచ్చేదాన్ని. తల్లితో చెప్పి పంపినా వచ్చేదాన్ని. నొప్పి పుట్టిన మనిషి ఇంట్లో ఉన్న భార్యను అడగకుండా ఈ తెరను అడిగాడు, ఆయనే ముందు మాట్లాడాలని నేను మొండిగా కూర్చున్నందుకు.

ఆ పేజీ నేను ఇంకా మూయలేదు.