సోడా తగిలిన పసుపు

2022లో, అండమాన్ దీవుల్లో రంగత్ బజారులో మాట. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మా ఆయన పోయాక మాకు మిఠాయి దుకాణమే దిక్కు. సీసా రంగులు ముట్టను. పసుపు, బీట్‌రూట్, పాలకూర, అంతే. "అన్నీ చెట్టువే" అని గొప్పగా చెప్పేదాన్ని.

ఆ వారం గాలివానకు షిప్పు రాలేదు. బేకింగ్ పౌడర్ ఏ కొట్లోనూ లేదు. అది సోడాలో పులుపు కలిపిన పొడి, కేకును పొంగిస్తుంది. దాని బదులు వట్టి వంటసోడా వేసి రవ్వ కేకులు ఆవిరి పట్టాను. మా చర్చిలో రూతమ్మ మనవరాలి పుట్టినరోజుకి అవి. మూత తీస్తే పసుపు కేకులు ఇటుక రంగులో ఉన్నాయి! కేకుల కోసం వచ్చిన రూతమ్మ చూడనే చూసింది.

"ఏటి మరియమ్మా, చంటిపిల్లలకి ఈ కెమికలా పెట్టేది?"

"పసుపే వదినా, ఒట్టు!"

"పసుపు ఎర్రగుంటాదేటి? నాకు కళ్ళు లేవనుకున్నావా?"

అప్పటికప్పుడే ఫోన్ చేసింది. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. "రంగు సంగతి తేలేదాకా అమ్మకం బంద్, దీదీ" అన్నాడు. చేతులు కడుక్కుందామని సబ్బు పట్టాను. అరచేతుల పసుపు ఎర్రబడింది. చీర మీద పసుపు మరక సబ్బుకి అలా మారడం ఎన్నిసార్లు చూడలేదు! సోడా కూడా అంతేనేమో. అయితే పులుపు తగిలితే మళ్ళీ పసుపవుతుందా?

పరుగున నిమ్మకాయ తెచ్చి కేకు మీద పిండాను. చుక్క పడిన చోటల్లా ఎరుపు కరిగి పసుపు తేలింది, తెల్లవారినట్టు.

"దేవా!" అంది రూతమ్మ.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "పసుపు గుణమే అది. లేకిన్ దీదీ, సగమే తేలింది. పసుపు పొడిలో సీసం ఉండే రంగు కలిపేవాళ్ళున్నారు. నిమ్మకాయ దాన్ని పట్టుకోలేదు. పొడి ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు సార్. చౌల్దారీ ఊళ్ళో పండిన కొమ్ములు, నేనే దంచాను."

అయినా సాంపిల్, అంటే పరీక్షకు కొంచెం, తీసుకెళ్ళాడు. దోషం లేదని రిపోర్టు వచ్చేదాకా అమ్మకం లేదు, దుకాణం తలుపు సగమే తీశాను.

పూర్తిగా తీసిన రోజు ముందు వచ్చింది రూతమ్మే, చేతిలో నిమ్మకాయలతో. "ఆ ఎర్రవే చెయ్యవే, పిల్లలకి చూపించాల."

చెట్టుది అంటే చాలదని అప్పుడే తెలిసింది. ఎక్కడ పండిందో, ఎవరు దంచారో కూడా ఇప్పుడు చెబుతాను. నలభై ఏళ్ళు నా చేతికంటిన రంగులో ఇంత దాగి ఉందా అని, పసుపు దంచుతూ ఈరోజుకీ ఆగి అరచేయి చూసుకుంటాను.