లామినేషన్ చేయించిన విమానం టికెట్టు

ఆ రోజుల్లో మా బూర్గంపాడులో విమానం అంటే పైన చప్పుడు చేసుకుంటూ పోయేది, కింద పిల్లలు తలెత్తి టాటా చెప్పేది, అంతే. దాన్ని ఎక్కడం మనకు సంబంధించిన ముచ్చట కాదు. అట్లాంటి ఊళ్లో, మీసం ఇంకా సరిగా రాకముందే, మా అమ్మను విమానం ఎక్కిస్తానని నలుగురి ముందు మాటిచ్చిన మొనగాణ్ణి నేను. ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో రెండు నొక్కులు నొక్కి టికెట్ వచ్చేసిందని జేబులో పెట్టుకుంటే నాకు ముచ్చటేస్తుంది, వెంటనే కొంచెం భయమూ వేస్తుంది. "కింద సన్నక్షరాలు చదివినవా? పేరు విమానం వాళ్ల దగ్గర పడిందో లేదో కనుక్కున్నవా?" అని అడగకుండా ఉండలేను. మా ఇంట్లో వాళ్లు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీండి, వాళ్లకేం తెలుసు నేను పడ్డ పాట్లు.

మా అక్క కాపురం పుణెలో. తొలి కాన్పు. పద్ధతి ప్రకారం అయితే పుట్టింటికి తీసుకురావాలి గానీ, అక్కడి డాక్టరమ్మ మంచం దిగొద్దు, ప్రయాణం మాటే ఎత్తొద్దు అని గట్టిగా చెప్పేసింది. బావకు తల్లి లేదు. చుట్టుపక్కల తెలుగు మాట్లాడే మనిషి లేదు. అక్క రోజూ సాయంత్రం ఫోన్ చేసి "అమ్మా, నాకు భయమైతాంది, నువ్వెప్పుడొస్తవే?" అని అడిగేది. అమ్మ ఇక్కణ్నుంచి బోలెడు ధైర్యం చెప్పి, ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లొత్తుకునేది. కాన్పు కంటే ముందే అమ్మ అక్కడ ఉండాలి. ఇంట్లో అందరికీ అదే ఆలోచన. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రైళ్లు మారి మెట్లెక్కి దిగే ఓపిక లేదు. నాన్నకు పేపరు మిల్లులో సెలవు దొరకదు. చివరికి బావే తేల్చేశాడు: "బామ్మర్దీ, అత్తమ్మను విమానంల తీస్కరా. తోడుగ నువ్వు రా. ఖర్చు నాది."

అప్పటికి నేను డిగ్రీ అయిపోయి భద్రాచలంలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నాను. (నేర్పడం అంటే వాళ్లు ఆటలాడకుండా కాపలా కాయడం. వాళ్లు వెళ్లాక నేను ఆడుకునేవాణ్ణి.) ఊళ్లో నా అసలు పేరు మరిచిపోయి అందరూ 'కంప్యూటరోడు' అనేవారు. ఆ పేరు నిలబెట్టుకోవాలి కదా. ఖమ్మం వెళ్లి అక్కడున్న ట్రావెల్స్ దుకాణంలో ధర అడిగాను. ఆయన చెప్పగానే "నెట్‌లో ఇంకా తక్కువుంటది" అన్నాను, అప్పటిదాకా నెట్‌లో పరీక్షల ఫలితాలు తప్ప ఏమీ చూసి ఎరగకపోయినా. ఆయనకు కోపం రాలేదు. "ఉంటది తమ్మీ, ఎందుకుండదు. గని రేపు ఏదన్న తిరకాసైతే నా షట్టరు ముంగట నిలబడి నన్ను తిట్టొచ్చు. గా నెట్టును ఎక్కడ నిలబడి తిడ్తవ్?" అన్నాడు. గిరాకీ పోతోందని బాధలే అనుకుని, నవ్వుకుంటూ బస్సెక్కాను.

భద్రాచలం ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, చెవికి ఫోన్ ఆనించుకుని బావ కార్డు నంబరు చెబుతుంటే ఒక్కొక్క అంకె కొట్టాను. మొదటి పేజీలో చూపించిన ధర చూసి నాకు ఈల వేయాలనిపించింది. రెండో పేజీలో పన్నులు కలిశాయి. సరే, సర్కారు కదా, తప్పదు అనుకున్నాను. మూడో పేజీలో వెబ్‌సైటు వాళ్ల సర్వీసు చార్జీ. ఆ తర్వాత సౌకర్యానికి ఇంకో చార్జీ (ఎవరి సౌకర్యమో నాకు ఇప్పటికీ తెలియదు). ఆఖరి పేజీలో ప్రయాణ బీమాకు వాళ్లే ముందుగా టిక్కు పెట్టి ఉంచారు. అంత పెద్ద కంపెనీ వాళ్లు పెట్టిన టిక్కు తీసేస్తే టికెట్టే చెల్లదేమో అని దాన్ని ముట్టుకోలేదు. అన్నీ కలిసి ధర ఖమ్మం ఆయన చెప్పినదానికి దగ్గరదగ్గరగా వచ్చి కూర్చుంది. ఇంటికొచ్చి మాత్రం "మస్తు తక్కువల దొరికింది" అని చెప్పాను. హైదరాబాద్ నుంచి బుధవారం పొద్దున విమానం. అంటే మంగళవారం సాయంత్రం మేం ఇల్లు వదలాలి.

ఆదివారంనాడు అమ్మ సంచి సర్దుతోంది. బాలింతకు సొంఠి, కాయం మందు, అడవి తేనె, పసిగుడ్డు కింద పరచడానికి మెత్తబడ్డ పాత చీరల ముక్కలు. మంచం మీద నుంచి చూస్తున్న నాయనమ్మ "ఎప్పుడు బయలెల్లుడు?" అంది. చెప్పాను. ఆమె నోట్లో తమలపాకు నమలడం ఆగిపోయింది. "మంగళారమా? తొలి కాన్పుకు పోతా మంగళారం గడప దాటుతరా ఎవరన్న? మతుండే తీసినవారా టికెట్టు?" అంది. అమ్మ "పోనీయండి అత్తమ్మా, ఏం కాదు" అంది గానీ ఆ గొంతులో బలం లేదు. కాన్పు విషయం, ఏదైనా కీడు జరిగితే జన్మంతా అదే మాట గుచ్చుతుంది కదా. అమ్మ ముఖం చూసి నాకు పౌరుషం వచ్చింది. "గంతే గదా, తేదీ మారుస్త. ఒక్క ఫోన్ కొడితే అయిపోతది" అన్నాను. డాక్టరమ్మ ఇంకా పది రోజులు ఉందని చెప్పింది, రెండు రోజులు అటూ ఇటూ అయితే ఏం పోయింది అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే సైకిలెక్కి వంతెన దాటి భద్రాచలం వెళ్లి విమానం వాళ్లకు ఫోన్ చేశాను. "మీరు మా దగ్గర కొనలేదు కదండీ, కొన్నవాళ్లనే అడగండి" అన్నారు. వెబ్‌సైటు వాళ్లకు చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అంటూ సన్నాయి మోగింది. అంత ముఖ్యమైన కాల్‌ను అంతసేపు ఎవరైనా వాకిట్లో నిలబెడతారా? నా సిమ్‌లో బ్యాలెన్సు కరిగిపోతోంది, రీచార్జి చేయించుకుని మళ్లీ చేశాను. చివరికి ఒక అమ్మాయి దొరికి, విమానం వాళ్ల మార్పు చార్జీ ఒకటి, మా మార్పు చార్జీ ఒకటి, కొత్త తేదీకి ధరలో తేడా ఒకటి అని చక్కగా విడమరిచి చెప్పింది. బావకు ఫోన్ చేసి నసిగాను. బావ మంచివాడు, "కానీయ్" అన్నాడు. శుక్రవారం విమానానికి మారుస్తున్నట్టు మెయిల్ వచ్చింది. దాన్ని ప్రింటు తీసి, ఎందుకైనా మంచిదని పక్కనున్న జిరాక్స్ షాపులో లామినేషన్ కూడా చేయించాను. నా డిగ్రీ సర్టిఫికెట్టుకే చేయించలేదు ఆ వైభోగం.

ఇంటికొచ్చి ఆ కాగితం నాయనమ్మ కళ్ల ముందు ఆడించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "గిదంత ఎందుకురా? పస్తానం పెడితే పాయె గదా" అంది.

"పస్తానమంటే?"

"మంగళారం గడప దాటొద్దన్న గని, పయనమే ఆపుమన్ననా? సోమారం మంచి గడియల సంచి తీస్కపోయి ఎదురింట్ల పెట్టాలె. గక్కడికి పయనం మొదలైనట్టే. మంగళారం పోతాపోతా సంచి తీస్కొని బస్సెక్కుడే. మా కాలంల అందరం గట్లనే పోలేదా?"

"మరి నిన్ననే చెప్పొచ్చు గదే నాయనమ్మా!"

"నువ్వు అడిగినవా? ఫోన్ కొడ్త, ఫోన్ కొడ్త అని ఎగిరినవ్."

సంచిని నాలుగడుగుల అవతల పెడితే పైసా ఖర్చు లేకుండా తీరిపోయే దోషానికి నేను మూడు రకాల చార్జీలు కట్టి వచ్చానన్నమాట. మళ్లీ బయటికి ఉరికి ఫోన్ చేసి, మార్పు వద్దమ్మా, పాతదే ఉంచండి అని బతిమాలాను. "ఒకసారి రిక్వెస్టు పెట్టాక వెనక్కి తీసుకోలేం సర్" అంది ఇంకో అమ్మాయి, అంతే చక్కగా. అమ్మ సంచి మూతి విప్పి, తేనె సీసా ఒలికిందేమో చూసుకుని మళ్లీ కట్టేసింది.

శుక్రవారం పొద్దున బేగంపేట విమానాశ్రయం ముందు దిగాం. అమ్మ కొత్త చీర కట్టుకుంది. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న ఆయనకు నేను లామినేషన్ కాగితం ఠీవిగా అందించాను. ఆయన చదివి, తల అడ్డంగా ఊపి, బయటున్న టికెట్ కిటికీ వైపు చూపించాడు. కిటికీలో అమ్మాయి కంప్యూటర్‌లో వెతికి వెతికి అంది: "ఇది టికెట్ కాదండీ. తేదీ మార్చమని మీరు అడిగినట్టు రసీదు మాత్రమే. మీ టికెట్లు బుధవారానివే ఉన్నాయి. ఆ రోజు మీరు రాలేదు కాబట్టి అవి పోయినట్టే. ఈరోజు విమానం నిండిపోయింది."

వెబ్‌సైటు వాళ్లకు ఫోన్ చేశాను, సన్నాయి మోగింది. దొరికిన అబ్బాయి "విమానం వాళ్లు ఇంకా ఖాయం చేయలేదు సర్" అన్నాడు. కిటికీలో అమ్మాయి "వాళ్లు మాకు పంపనే లేదు" అంది. అతణ్ని ఆమెతో మాట్లాడమని ఫోన్ కిటికీలోంచి లోపలికి తోశాను, ఆమె తీసుకోలేదు. నేను గొంతు పెంచాను. ఎవరిని తిడుతున్నానో నాకే తెలియదు. అంతలో ఫోన్ చార్జింగ్ అయిపోయి సన్నాయి కూడా ఆగిపోయింది. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నీ కొట్లాట ఎనక పెట్టుకోరా బిడ్డా. నాకు విమానం ఒద్దు, ఏమొద్దు. నా పిల్ల దగ్గరికి పోవాలె. పుణెకు బస్సు ఏడ దొరుకుతదో అడుగు, జల్దీ." అమ్మే ఆటో అతన్ని అడిగింది, ఆమే బేరమాడింది, సంచి కూడా ఆమే ఎక్కించింది.

మధ్యాహ్నం ఎప్పుడో దొరికిన బస్సులో అమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏడుపు రాకుండా మైలురాళ్లు చదువుకుంటూ కూర్చున్నాను. పొద్దుగూకే వేళ హుమ్నాబాద్ దగ్గర టీకి ఆపారు. ఎస్టీడీ బూత్ కనిపిస్తే బావకు ఫోన్ చేశాం. "అయిపోయింది బామ్మర్దీ! మధ్యాహ్నమే అయిపోయింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నరు. నీ ఫోనుకు ఎన్నిసార్లు చేసిన, ఎందుకు కలుస్తలేదు?" అన్నాడు. నేను రిసీవర్ అమ్మకిచ్చాను. అమ్మ నవ్వింది, దేవుడికి దండం పెట్టింది, అక్కకు ఇవ్వమంది. మనవరాలు ఎవరి పోలిక అని అడుగుతుందనుకున్నాను. అమ్మ అడిగింది వేరే.

"నొప్పులప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నవే బిడ్డా?"

అక్క చెప్పింది నాకు వినిపించలేదు. అమ్మ ఊఁ కొట్టి ఊఁ కొట్టి, ఫోన్ పెట్టేసి, "ఎవరో నర్సమ్మనట. ఒకరి భాష ఒకరికి రాదట. గామె చెయ్యే ఇడవకుండ పట్టుకున్నదట" అంది. వెళ్లి బస్సులో తన సీట్లో కూర్చుంది. అమ్మ నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే దవాఖానాకు చేరాం. అక్క కళ్లు ఉబ్బి ఉన్నాయి, అమ్మను చూడగానే మళ్లీ ఏడ్చింది. అమ్మ అక్క తల నిమిరి, పక్కనున్న ఉయ్యాల వైపైనా చూడకుండా "గా నర్సమ్మ ఏది?" అంది. ఆమె డ్యూటీ అయిపోయి బయటికి వెళ్లబోతోంది, నా వయసే ఉంటుంది. అమ్మ కుంటుకుంటూ వెళ్లి ఆమె కుడిచెయ్యి పట్టుకుంది. మణికట్టు దగ్గర అక్క గోళ్లు దిగిన ఎర్రటి గాట్లు ఇంకా ఉన్నాయి. అమ్మ వాటి మీద వేళ్లతో నిమిరింది. "నేను రాలేకపోతినమ్మా. నువ్వు పట్టుకుంటివి" అంటూ ఆ చేతిని కళ్లకద్దుకుంది. ఆ అమ్మాయికి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను ఆ వరండాలో ఒక మూల నిలబడి ఉన్నాను. "ఏందిరా గక్కడ నిలబడ్డవ్? దా, మేనమామవైనవ్" అని అమ్మ కేకేసి, పొత్తిళ్లలో పసిగుడ్డును తెచ్చి నా ముందు పెట్టింది. వెబ్‌సైట్లు, విమానాలు అన్నీ తనకే తెలుసనుకున్న ఆ కంప్యూటరోడు, పసిపిల్లను ఎట్లా ఎత్తుకోవాలో తెలియక, రెండు చేతులూ కట్టెల్లా ముందుకు చాచి బిగుసుకుపోయాడు. అక్క అంత నీరసంలోనూ నవ్వింది. వాణ్ణి తలుచుకుంటే నాకూ ఇప్పుడు నవ్వే వస్తుంది. నవ్వయ్యాక, పాపం, వాడి పక్కకు వెళ్లి మోచేతులు కాస్త మడవమని చెప్పాలనిపిస్తుంది.