లిఫ్టు ఆగని అంతస్తు

మొన్న బుకిట్ బటోక్ లైబ్రరీలో ప్లాస్టిక్ అట్ట వాసన తగలగానే, నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని మేం సింగపూర్ వచ్చిన కొత్తలో, నా చిన్నప్పుడు చదివిన ఒక పల్చటి పుస్తకం గుర్తొచ్చింది. పిల్లలకి మాయాలోకం కథలు రాసే ఒకావిడతో ఇంటర్వ్యూ అది. "మీ మాయాలోకం ఎక్కడుంది?" అని అడిగితే, "అందరూ దాటిపోతారు గానీ ఎవరూ ఆగని చోట" అందావిడ.

నేను ఆ మాట మళ్లీ చదివాను. మా బ్లాకులో లిఫ్టు కొన్ని అంతస్తుల్లోనే ఆగేది. మా ఏడో అంతస్తుని ఆగకుండా దాటిపోయేది. అంటే మేముండేది అక్కడే!

ఆ రోజే అమ్మ ఐదో అంతస్తులో దిగి, బియ్యం బస్తా మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఇల్లు మారదామండీ. నా మోకాళ్లు పోతున్నాయి," అంది నాన్నతో.

"నో లా అమ్మా! మాయాలోకం మన ఫ్లోర్‌లోనే ఉంది. అందుకే లిఫ్ట్ ఆగదు!" అని కొత్తగా అబ్బిన సింగపూర్ యాసలో ఏడ్చాను.

అమ్మ నా కళ్లు తుడిచింది. మళ్లీ ఇల్లు మారే మాట ఎత్తలేదు.

ఇప్పుడా లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగుతుందట. లైబ్రరీ నుంచి ఆ పాత బ్లాకుకే వెళ్లి, కావాలనే ఐదు నొక్కి, మిగతా మెట్లు ఎక్కాను. పైకి చేరేసరికి మోకాళ్లు సలిపాయి. బియ్యం బస్తాతోపాటు నా మాయాలోకాన్ని కూడా ఇన్ని మెట్లూ మోసింది అమ్మే.