ఐలయ్య మాల వేసుకోని కార్తీకం

కార్తీకం వచ్చిందంటే మా పక్కింటి వాకిట్లో తెల్లవారకముందే చన్నీళ్ల చప్పుడు మొదలవుతుంది. మొదటి చెంబు ఒంటి మీద పడగానే పక్కింటాయన బిగపట్టిన ఊపిరి వదిలి "స్వామి శరణం" అంటాడు. కాసేపటికి కిటికీలోంచి కర్పూరం వాసన, తడి విభూతి వాసన వస్తాయి. మా ఆవిడకు ఆ వాసన ఇష్టం. నేను మాత్రం లేచి కిటికీ మూసేస్తాను. "దేవుడంటే మీకెందుకంత కోపం?" అని ఆమె ఏటా అడుగుతుంది. కోపం కాదు, సిగ్గు. ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు ఐలయ్య గుర్తొస్తాడు. ఐలయ్య గుర్తొచ్చాడంటే ఆ రోజు నాకు అన్నం సయించదు. ఇన్నేళ్లలో ఈ సంగతి ఆమెకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది వరంగల్ మట్టెవాడ. బజారులో మా బాపుకు అడ్తి దుకాణం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల రైతులు తెచ్చిన మిర్చి, మక్కలు, పల్లికాయ మా దుకాణం ముందు కుప్ప పోస్తే కాంటా పెట్టి అమ్మిపెట్టే వ్యాపారం. ఐలయ్య మా హమాలీ. రఘునాథపల్లి నుంచి రోజూ పొద్దున బస్సెక్కి వచ్చేవాడు. సన్నగా, నల్లగా, పెద్దగా బలమున్నవాడిలా కనిపించేవాడు కాదు. నిండు బస్తా వీపు మీద ఉన్నా మామూలుగా మాట్లాడుతూ నడిచేవాడు. డెబ్బైల చివర్లో నేను డిగ్రీ తప్పి, మొహం చెల్లక దుకాణంలో కూర్చున్నప్పుడు నాకు పని నేర్పింది బాపు కాదు, ఐలయ్యే. గుప్పెడు మిర్చి తీసుకుని చెవి దగ్గర ఆడించి, లోపల గింజ గలగలమంటేనే ఎండినట్టని చూపించాడు. "కండ్లు మోసం జేస్తయి చిన్నసేటూ, చెవులకు ఇను" అనేవాడు. నేను అతన్ని బాపు లేనప్పుడు "ఐలన్నా" అనీ, బాపు ఉన్నప్పుడు "ఐలయ్యా" అనీ పిలిచేవాణ్ణి. బాపు మాత్రం ఎప్పుడూ "ఐలిగా" అనేవాడు. నా ధైర్యం నేను పిలిచే ఆ రెండు పిలుపుల మధ్య ఉండేది.

ఐలయ్య ఒక్కగానొక్క కొడుకు పొలం దగ్గర పాము కరిచి చచ్చిపోయాడు. ఆ ఏడే అతను మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. అప్పటికి మా బజారులో ఆ దీక్ష కొత్త. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చన్నీళ్లు, ఒంటిపూట భోజనం, నేల మీద పడక. మాల మెడలో ఉన్నన్నాళ్లూ మనిషికి పేరుండదు, కులముండదు, అందరూ స్వామే. కొండ నుంచి తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం బస్తాల మీద కూర్చుని సద్ది తింటున్నప్పుడు "ఏం మొక్కుకున్నవ్ ఐలన్నా?" అని అడిగాను.

"ఏం అడుగలే. అడుగనీకి ఏమున్నది, పిల్లగాడు ఎట్లాగూ రాడు."

"మరి అంత దూరం ఎందుకు పోయినవ్?"

ఎడమచేత్తో కింది బస్తాను తట్టాడు. "గీ బస్తా జూడు. ఇద్దరు ఎత్తి నా మీద ఏస్తరు. మోసుడే నా పని. ఆడ మెట్ల ముందట బోర్ల పడ్డప్పుడు, ఎవ్వలు జెప్పకుంట నేనే దించిన. ఇన్నేండ్లల్ల నేను దించుకున్నది గదొక్కటే. మస్తు ఏడిసిన. నిమ్మలమైంది." అన్నం ముద్ద చేతిలో పట్టుకుని చెప్పాడు ఇదంతా. నేను నవ్వాను. ఇరవై రెండేళ్ల వయసులో నాకు అది హమాలీ వేదాంతంలా వినిపించింది.

మూడో ఏడు బాపు కూడా మాల వేశాడు. ఛాతీలో నొప్పి వచ్చి దవాఖానలో పది రోజులు పడి లేచాడు. మా అమ్మ మొక్కింది, ఆయన ఒప్పుకున్నాడు. మట్టెవాడలో ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులో పూజ. రైల్వేలో పని చేసి దిగిపోయిన ఒక పెద్దాయన గురుస్వామి. మాల మెడలో వేశాక ఆయన మామూలుగా అన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "కన్నెస్వామీ, పెద్దస్వాములకు పాదనమస్కారం చెయ్యాలె." మొదటిసారి మాల వేసినవాళ్లు, అంతకుముందు కొండకు పోయివచ్చిన వాళ్లందరి కాళ్లకూ మొక్కాలి. వరుసలో మూడోవాడు ఐలయ్య.

బాపు ఆగాడు. ఎంతసేపని చెప్పను, మహా అయితే ఒక గుటక వేసేంతసేపు. ఆ తర్వాత వంగి మొక్కాడు. ఐలయ్య గబుక్కున వెనక్కి జరగబోయి, అది నియమం కాదని గుర్తొచ్చి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆ నలభై ఒక్క రోజులూ ఐలయ్య మా ఇంటి ముందు తలుపులోంచి లోపలికి వచ్చాడు. అంతవరకూ అతని స్టీలు గ్లాసు వెనక వాకిట్లో గోడకు బోర్లించి ఉండేది. భిక్ష పెట్టిన రోజు మా అమ్మ అతని కాళ్లు కడిగి, బాపు పక్కనే విస్తరి వేసింది. నాకు ఎంత సంతోషమనిపించిందో! మా ఇల్లు బాగుపడిందనుకున్నాను. కొండ ఎక్కేటప్పుడు బాపుకు ఊపిరి అందకపోతే ఐలయ్యే చెయ్యి పట్టుకుని పైదాకా తీసుకుపోయాడట. ఈ సంగతి గురుస్వామి చెప్తే తెలిసింది. బాపు ఎన్నడూ చెప్పలేదు.

తిరిగొచ్చి మాలలు తీశారు. వారానికే మిర్చి సీజను మొదలైంది. మా దుకాణంలో ఒక ఆనవాయితీ ఉండేది. సీజనులో మొదటి బస్తా కాంటా ఎక్కే రోజు సేటు కొబ్బరికాయ కొడతాడు. హమాలీలు ఒక్కొక్కరే వచ్చి ఆయన కాళ్లకు మొక్కితే, నెత్తికి చుట్టుకోవడానికి కొత్త తువ్వాల ఇస్తాడు. తువ్వాల అందుకున్నవాడికి ఆ సీజనంతా మా దుకాణంలో పని ఉన్నట్టు. ఐలయ్య ఇరవై ఏళ్లుగా మొక్కుతూనే ఉన్నాడు. ఆ రోజు పొద్దున్నే పక్క దుకాణం ఆయన వచ్చి, "ఏం సేటూ, ఇయ్యాల ఎవలు ఎవల కాళ్లు మొక్కుతాండ్రు?" అని నవ్వుకుంటూ పోయాడు. బాపు మొహం మాడిపోయింది. ఐలయ్య వంతు వచ్చింది. రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. వంగలేదు.

"కాళ్లు మొక్కవేందిరా ఐలిగా?"

"దండం వెడుతున్న గద సేటూ."

"మాల తీసినంక నువ్వు నువ్వే, నేను నేనే. మతికున్నదా?"

ఐలయ్య ఇంకోసారి చేతులు జోడించి, మెల్లగా మెట్లు దిగిపోయాడు. తువ్వాల బల్ల మీదనే ఉండిపోయింది. మిర్చి ఘాటుకు దగ్గుతున్నట్టు అందరం తలలు తిప్పుకున్నాం.

సాయంత్రానికి బజారంతా పాకింది. బాపు వద్దన్నవాణ్ణి పెట్టుకోవడానికి ఇంకే దుకాణం వాళ్లూ ముందుకు రాలేదు. కొన్నాళ్లు ఐలయ్య స్టేషన్ ఘన్‌పూర్‌లో కూలికి తిరిగాడని విన్నాం. ఆ ఏడు వానల్లేక పల్లెల్లో పనులు లేవు. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఐదు వారాలైంది. ఒకరోజు అతని భార్య మా వెనక వాకిట్లోకి వచ్చి అమ్మతో ఏదో చెప్పుకుని ఏడ్చి పోయింది. అమ్మ నన్ను పిలిచి "నీ మాటంటే ఇంటడు, పోయి జర చెప్పిరా బిడ్డా" అంది. అమ్మ చెప్పిందని వెళ్లానని అనొచ్చు. కానీ వెళ్లాలని నాకే ఉంది. రెండు వైపులా మంచివాణ్ణి అనిపించుకోవాలని ఉంది.

రఘునాథపల్లిలో అతని ఇంటి ముందు, వేపచెట్టు నీడలో కూర్చున్నాం. ఐలయ్య చెంపలు లోపలికి పోయాయి. నేను తెలివిగా మాట్లాడాననే అనుకున్నాను. "ఒక్కసారి వంగితే పోయేదేమున్నది ఐలన్నా? నాటకమనుకో. మనసుల లేకుంటే గది మొక్కే గాదు. నేను రోజూ బాపు ముందట వంగుతలేనా? ఆయన డిగ్రీ మళ్ల కట్టొద్దంటె కట్టలే. దుకాణంల కూసోమంటె కూసున్న. నేను సచ్చిపోయిన్నా?"

అతను నన్ను జాలిగా చూశాడు. ఆ చూపు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

"పోయిన రెండేండ్లు కొండకు పోయొచ్చి గూడ మొక్కిన చిన్నసేటూ. అప్పుడు సేటు కొండ ఎరుగడు. గీ ఏడు ఇద్దరం ఆడ పక్కపక్కపొంటి పడ్డం. ఆయన గూడ ఏడిసిండు, నేను జూసిన. గట్ల ఒక్కతాన పడి లేసినంక, మళ్ల ఆయన ముందట పడుమంటే పానం ఒప్పుతలేదు." నా వైపు తిరిగి అన్నాడు. "నువ్వు ఎన్నడన్న దేవుని ముందట నిజంగ పడ్డవా? పడలే. గందుకే నీకు గిది అల్కగ, దూదిలెక్క అనిపిస్తాంది."

నాకు పౌరుషం వచ్చింది. "మరి పిల్లల సంగతి?" అన్నాను. అంతకన్నా నీచమైన మాట నా జీవితంలో అనలేదు. ఐలయ్య ఇంట్లోకి చూశాడు. చిన్నపిల్ల గడప మీద కూర్చుని నీళ్లు కలిపిన ఉత్త జొన్న గటక తాగుతోంది. "సరే, రేపొస్త" అన్నాడు.

మరునాడు వచ్చాడు. బజారు నిండా జనం. బాపు గద్దె మీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఐలయ్య మెట్లెక్కి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, తల ఆయన పాదాలకు ఆనించాడు. బాపు మాట ఆపలేదు. ఐలయ్య లేవబోతుంటే పాదం కొంచెం ముందుకు జరిపాడు, ఇంకాసేపు ఉండమన్నట్టు. ఐలయ్య ఉన్నాడు. రేకుల షెడ్డులో విగ్రహం ముందు అతను సాష్టాంగపడటం నేను చాలాసార్లు చూశాను. రెండు చేతులూ బార్లా చాచి, అలసిపోయి ఇంటికొచ్చి మంచం మీద వాలినట్టు పడేవాడు. ఇక్కడ మాత్రం ఒళ్లంతా ముడుచుకుపోయింది, భుజాలు చెవుల దాకా లేచాయి. వంగడం వంగడమే అని నేను ముందురోజు వాదించాను. రెండూ ఒకటి కాదని నా కళ్లకే కనిపించింది. అప్పటికే ఆలస్యమైంది. "సరే లే, కాంటా కాడికి పో" అన్నాడు బాపు. తువ్వాల అందించింది నేనే. ఐలయ్య నా వైపు చూడకుండా తీసుకున్నాడు.

మళ్లీ కార్తీకం వచ్చింది. బాపు మాల వేశాడు. ఐలయ్య వేయలేదు. గురుస్వామి రెండుసార్లు కబురు పెట్టాడు. మనిషి పనికి వస్తున్నాడు, బస్తాలు మోస్తున్నాడు, అడిగితే జవాబు చెప్తున్నాడు, అంతే. ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. "మాల ఎందుకేస్కుంటలేవు ఐలన్నా? బాపు మీద కోపమా?"

"సేటు మీద నాకేం కోపం? ఆయన గుణం ఆయనది."

"మరి?"

బస్తాలు లాగే కొక్కెం పక్కన పెట్టి మిర్చి దుమ్ము అంటిన చేతులు చూసుకున్నాడు. "మొన్న షెడ్డుకు పోయిన. ఎవ్వలు లేనప్పుడు. పడుదామని వంగిన. కండ్లు మూసుకుంటె సామి కనిపిస్తలేడు చిన్నసేటూ. సేటు కాళ్లే కనిపిస్తానయి." చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. "నాకున్నది గదొక్క జాగ."

ఆ జాగను మేమే పోగొట్టాం. అందులో బాపు చేసింది సగమే. మిగతా సగం ఆ వేపచెట్టు కింద కూర్చుని నేను చేశాను. బాపు బెదిరించాడు, నేను నచ్చజెప్పాను. బెదిరింపుకు లొంగనివాడు నా మాటకు లొంగాడు, నన్ను తనవాణ్ణనుకున్నాడు కాబట్టి.

ఎనభైల చివర్లో ఐలయ్య పోయాడు. మళ్లీ ఎన్నడూ మాల వేయలేదు. చివరిరోజుల్లో చూడటానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని "ఫికర్ జెయ్యకు" అన్నాడు. దేని గురించో చెప్పలేదు. నన్ను ఓదార్చాడా, మన్నించాడా అని ఇప్పటికీ తేల్చుకోలేను. నా మీద కోపం చూపించి ఉంటే నా బతుకు సులువయ్యేది.

బాపు మాత్రం పద్దెనిమిదిసార్లు కొండకు పోయి గురుస్వామి అయ్యాడు. పెద్ద భక్తుడని పేరొచ్చింది. ఆయన పోయినరోజు నల్లబట్టల్లో ఎంతమంది వచ్చారో లెక్కలేదు. పంతులు నన్ను పిలిచి "పెద్దకొడుకు ముందుగా పాదాలకు మొక్కాలె" అన్నాడు. చుట్టూ జనం చూస్తున్నారు. మోకాళ్ల మీద కూర్చుని ఆ చల్లటి పాదాలకు తల ఆనించాను. తండ్రి కదా, ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. నా భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయని, ఒళ్లు ముడుచుకుపోయి ఉందని నాకే తెలుస్తోంది. చచ్చిపోయిన మనిషికి కూడా భయపడే వంగాను. రఘునాథపల్లిలో ఐలయ్య నన్ను ఎందుకు జాలిగా చూశాడో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నేను గుడికి వెళ్తాను, మా ఆవిడ తోడు రమ్మంటే. ఆమె సాష్టాంగపడి లేచి, తడి కళ్లు తుడుచుకుంటూ "మీరూ ఒక్కసారి పడండి, మనసు తేలికవుతుంది" అంటుంది. నిలబడే దండం పెట్టి బయటికొచ్చేస్తాను. ఒక మనిషికి ఈ లోకంలో ఉన్న ఒక్క చోటును నా మాటలతో పోగొట్టాను. అలాంటి చోటు నాకూ కావాలని అడగడానికి నాకు నోరు రాదు.